సముద్రానికి ఆ వాసన ఎక్కడిది?

పిల్లలూ! మీలో సముద్రం చూసినవాళ్ళను ఒక ప్రశ్న అడుగుతాను. సముద్రం ఇంకా కంటికి కనపడకముందే, దాని హోరు చెవిన పడకముందే, దగ్గరికి వచ్చేశామని మీకు ఎలా తెలిసింది? ముక్కు చెప్పింది గదూ!

మాది కోనసీమ. సఖినేటిపల్లి నుంచి అంతర్వేది పోయే దారిలో కొబ్బరితోటలు పలచబడి సరుగుడు తోపులు మొదలయ్యేసరికి గాలి మారిపోతుంది. కొంచెం ఉప్పన, కొంచెం నీచు, కొంచెం ఎండలో పడి ఉన్న నాచు వాసన. ఇంకా పరీక్షగా చూస్తే క్యాబేజీ ఉడుకుతున్నప్పటి వాసన కూడా తెలుస్తుంది. మొదటిసారి వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకుంటారు. మాకు మాత్రం చిన్నప్పుడు ఆ వాసన తగిలిందంటే తీర్థంలోకి వచ్చేసినట్టే.

ఆ వాసన ఎందుకు వస్తుంది? ఈ ప్రశ్నకు నేను ఒకప్పుడు తప్పు జవాబు చెప్పాను. చెప్పడమే కాదు, ఒప్పు రాసిన కుర్రవాడికి సున్న కూడా వేశాను. ముందు ఆ సంగతి చెప్పి, తరవాత అసలు సంగతికి వస్తాను.

1974లో నేను మా ప్రాంతంలోనే ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు మేష్టరుగా ఉండేవాణ్ణి. చేరి రెండేళ్ళు కూడా కాలేదు. కొత్త మేష్టర్లకు అన్నీ తెలుసునన్న ధైర్యం ఎక్కువ. ఎనిమిదో తరగతికి గాలిని గురించి పాఠం చెబుతూ, “సముద్రపు గాలిలో ఓజోను అనే వాయువు ఉంటుంది. సముద్రపు వాసన దానిదే. అందుచేతనే సముద్రపు గాలి ఆరోగ్యానికి మంచిది,” అని నోట్సు చెప్పాను. నా చిన్నతనంలో మా మేష్టారు నాకు అలాగే చెప్పారు. ఆయనకు మరొకరు చెప్పి ఉంటారు.

ఈ మాట నిజానికి చాలా పాతది. 1839లో స్విట్జర్లాండులోని బేసెల్ నగరంలో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు విద్యుత్తుతో ప్రయోగాలు చేస్తూ ఒక ఘాటైన వాసన గమనించాడు. మర్నాటి ఏడు దానికి ఓజోను అని పేరు పెట్టాడు. వాసన అనే అర్థం వచ్చే గ్రీకు మాటలోంచి తీసుకున్న పేరది. ఆ తరవాత యూరపులో డాక్టర్లు సముద్రతీరాల్లో ఓజోను మెండుగా ఉంటుందని నమ్మి, జబ్బు మనుషులను అక్కడికి గాలి మార్పుకు పంపేవారు. ఆ నమ్మకం ఊళ్ళు, సముద్రాలు దాటి మా పాఠశాల దాకా వచ్చింది.

సరే, నేను నోట్సు చెప్పడం పూర్తి కాగానే వెనక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచి నిలబడ్డాడు. వాడిది పల్లిపాలెం. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకు పోయేవాడు.

“మేష్టారండీ, అది గాలి వాసన కాదండి. నీళ్ళ వాసనండి,” అన్నాడు.

“నీళ్ళకు వాసన ఉండదురా,” అన్నాను. క్లాసంతా నవ్వింది.

“తేట నీళ్ళకి ఉండదండి. నీళ్ళు పచ్చబడిన రోజున ఎక్కువ వత్తాదండి. ఆ రోజున చేప కూడా ఉంటాదండి. మా నాన్న ఆ వాసన పట్టే వల దింపుతాడండి.”

“కూర్చో. నోట్సులో ఉన్నది నేర్చుకో,” అన్నాను.

వాడు కూర్చున్నాడు గాని నేర్చుకోలేదు. అర్ధసంవత్సర పరీక్షలో “సముద్రపు వాసనకు కారణమేమి?” అని రెండు మార్కుల ప్రశ్న ఇచ్చాను. అందరూ ఓజోను అని రాశారు. వాడు మాత్రం, “నీళ్ళలో పచ్చన చచ్చి వాసన వచ్చును,” అని ఒక్క ముక్క రాశాడు. నేను ఎర్ర సిరాతో సున్న చుట్టాను. ఆ తరవాత వాడు క్లాసులో ఎన్నడూ లేచి నిలబడలేదు. మరుసటి ఏడు బడికి రావడం మానేశాడు. నా సున్న వల్లనే మానేశాడని అనను. పడవ మీద ఒక మనిషి తక్కువైతే కొడుకు చదువు ఆగిపోయే రోజులవి. అయినా ఆ సున్న నేను మరిచిపోలేదు.

తరవాత ఎన్నో ఏళ్ళు నేను అదే నోట్సు చెప్పాను. రిటైరయ్యాను. నా తప్పు నాకు చెప్పింది మా మనవరాలు. తను ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఒకనాడు అంతర్వేది వెళుతుంటే, అలవాటు చొప్పున, “ఇదిగో, ఈ వాసనే ఓజోను,” అన్నాను.

“అదేమిటి తాతయ్యా! ఓజోను వాసన ఇలా ఉండదు. జెరాక్సు మిషను చాలాసేపు ఆడితే దాని దగ్గర ఘాటుగా వస్తుందే, అది ఓజోను. ఇది క్యాబేజీ వాసనలా ఉంది,” అన్నది.

నాకు పల్లిపాలెం కుర్రవాడు గుర్తుకు వచ్చాడు. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను. ఇక వినండి.

సముద్రపు పైనీళ్ళలో ఒంటికణం మొక్కలు ఉంటాయి. వేరు, కొమ్మ, ఆకు ఏమీ ఉండవు. ఒక చెంబుడు నీళ్ళలో లక్షల కొద్దీ ఉండవచ్చు. కంటికి ఆనవు గనక అల్పమైనవనుకోకండి. భూమి మీది మొక్కలన్నీ కలిసి ఏడాదిలో తయారుచేసే ఆమ్లజనిలో, అంటే ఆక్సిజన్‌లో, సుమారు సగం వీటి పనే.

ఉప్పునీళ్ళలో బతకడం తేలిక కాదు. మీ అమ్మ ఊరగాయకు మామిడి ముక్కల మీద ఉప్పు చల్లితే ఏమవుతుంది? ముక్కల్లో ఉన్న నీరంతా బయటికి ఊరి, ముక్కలు ముడుచుకుపోతాయి. సముద్రపు మొక్కకు కూడా ఇదే ప్రమాదం. అందుచేత చాలా జాతుల మొక్కలు తమ కణంలో ఒక పదార్థాన్ని తయారుచేసి దాచుకుంటాయి. లోపల అది ఉండబట్టి బయటి ఉప్పు నీటిని లాగేసుకోలేదు. ఆ పదార్థంలో గంధకం ఉంటుంది. మొక్క చచ్చినా, చిన్న చిన్న ప్రాణులు దాన్ని మేసినా, ఆ సరుకు నీళ్ళలో పడి విరిగి ఒక వాయువు పుడుతుంది. దాని పేరు డైమిథైల్ సల్ఫైడు. నోరు తిరగకపోతే డీఎంఎస్ అనండి, శాస్త్రజ్ఞులు కూడా అలాగే అంటారు. సముద్రపు వాసనలో ప్రధానమైనది ఇదే. ఉడికే క్యాబేజీలో ఉన్నదీ ఇదే.

“నీళ్ళలో పచ్చన చచ్చి వాసన వచ్చును.” చూశారా! వాడు రాసినదానికి నేను ఒక్క పేరు తప్ప ఏమీ కలపలేదు.

ఈ వాయువును సముద్రం మీద పట్టుకున్న కథ కూడా చెప్పాలి. మొక్కకు, మనిషికి, పశువుకు అందరికీ గంధకం కావాలి. వెల్లుల్లి ఘాటు, ఆవాల ఘాటు దాని తాలూకువే. వాన నీళ్ళు రాళ్ళలో, మట్టిలో ఉన్న గంధకపు లవణాలను కరిగించుకుని నదుల్లో కలుస్తాయి. మన గోదావరి కూడా నాసిక్ దగ్గర త్ర్యంబకం నుంచి దారి పొడుగునా వాటిని పోగుచేసుకుంటూ వచ్చి సముద్రంలో పోస్తుంది. నదులన్నీ యుగాల తరబడి ఇలా పోస్తూ ఉంటే నేల మీద గంధకం అయిపోవాలి గదా? అయిపోలేదు. అంటే సముద్రం నుంచి నేలకు అది ఏదో దారిన తిరిగి వస్తూ ఉండాలి. కుళ్ళిన గుడ్ల వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడు వాయువుగా వస్తున్నదేమోనని శాస్త్రజ్ఞులు అనుకునేవారు. కాని సముద్రం దగ్గర కుళ్ళిన గుడ్ల వాసన ఎవరికి వచ్చింది?

జేమ్స్ లవ్‌లాక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడికి డీఎంఎస్ మీద అనుమానం కలిగింది. 1971లో ఆయన షాకిల్టన్ అనే ఓడ ఎక్కి, తాను చేసుకున్న పరికరాలతో ఇంగ్లండు నుంచి దక్షిణధ్రువం వైపు సాగిన ప్రయాణంలో సముద్రపు నీళ్ళను పరీక్షించాడు. దారి పొడుగునా ఆ వాయువు కనిపించింది. 1972లో ఆయనా, ఆయన తోటివారూ ఆ సంగతి ప్రకటించారు. అంటే నేను క్లాసులో ఓజోను అని నోట్సు చెప్పేనాటికే నిజం అచ్చయి రెండేళ్ళయింది! అది మా ఊరు రాలేదు. వచ్చిన నిజాన్ని, వెనక బెంచీలోంచి లేచినదాన్ని, నేను కూర్చోబెట్టాను.

ప్రపంచంలోని సముద్రాలన్నీ కలిసి ఏడాదికి ఎంత డీఎంఎస్ వదులుతాయి? పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థవారు విదేశీ శాస్త్రజ్ఞులతో కలిసి 2022లో లెక్క కట్టారు. అందులో ఉండే గంధకం మాత్రమే సుమారు 2 కోట్ల 70 లక్షల టన్నులు.

ఇంత వాయువూ గాలిలోకి పోయి ఏమవుతుంది? ఒకటి రెండు రోజులకు మించి బతకదు. పగటి ఎండకు గాలిలో హైడ్రాక్సిల్ అనే అతి చురుకైన కణం పుడుతూ ఉంటుంది. ఒక్క సెకను బతికితే గొప్ప. ఆ కాస్త వ్యవధిలోనే అది గాలిలో ఉన్న ఆవిరులను కొరికి మార్చేస్తుంది. గాలికి అది చీపురు లాంటిది. దాని వాత పడ్డ డీఎంఎస్ మెట్టు మెట్టుగా మారి, చాలా భాగం చివరకు గంధకికామ్లం అవుతుంది. సల్ఫ్యూరిక్ యాసిడ్ అంటే మీకు బాగా తెలుస్తుంది. భయపడకండి. అది వెంట్రుక మందంలో వెయ్యోవంతు ఉంటుందో ఉండదో అన్నంత చిన్న చిన్న రేణువులుగా ఉంటుంది. ఆ రేణువులకు చాలా పెద్ద పని ఉన్నది.

మబ్బు ఊరికే పుట్టదు. నీటి ఆవిరి చుక్కగా పేరుకోవడానికి ఆధారంగా ఒక నలుసు కావాలి. దీన్ని మీరే ఇంట్లో చూడవచ్చు. పక్కన పెద్దవాళ్ళను ఉంచుకుని చేయండి. తేటగా కనిపించే ప్లాస్టిక్ సీసాలో కాసిని గోరువెచ్చని నీళ్ళు పోసి బాగా కుదపండి. మూత బిగించి, సీసాను గట్టిగా నొక్కి, ఒక్కసారిగా వదలండి. చెప్పుకోదగినంత ఏమీ కనపడదు. ఇప్పుడు మూత తీసి, ఊదుబత్తి వెలిగించి ఆర్పి, ఆ పొగ కొంచెం సీసాలోకి పోనిచ్చి, మళ్ళీ మూత బిగించండి. నొక్కి వదలండి. సీసాలో తెల్లగా మబ్బు పడుతుంది! నొక్కితే పోతుంది, వదిలితే వస్తుంది. పొగలోని నలుసులే దానికి విత్తనాలు. నేల మీద దుమ్ము, పొగ ఉన్నాయి. నడి సముద్రం మీద విత్తనాలు ఎక్కడివి? కొన్ని కెరటాల తుంపర్లలోని ఉప్పు నలుసులు. కొన్ని ఈ డీఎంఎస్ నుంచి పుట్టిన రేణువులు.

1987లో లవ్‌లాక్‌తో సహా నలుగురు శాస్త్రజ్ఞులు ఒక చక్కని ఊహ చేశారు. ఎండ పెరిగితే సముద్రపు మొక్కలు ఎక్కువ డీఎంఎస్ వదులుతాయి, దానితో మబ్బులు తెల్లగా దట్టంగా పట్టి ఎండను వెనక్కు కొడతాయి, భూమి చల్లబడుతుంది అని. మొక్కలు తమకు తామే గొడుగు పట్టుకుంటాయన్నమాట. నాకు ఈ ఊహ ఎంతో నచ్చింది. కాని నచ్చినంత మాత్రాన నిజం కాదని నాకు ఇప్పటికైనా తెలియాలి గదా! 2011లో ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు అప్పటిదాకా చేసిన పరిశోధనలన్నీ చూసి, వ్యవహారం అంత సులువుగా జరగదని, మబ్బు విత్తనాలకు ఉప్పు మొదలైన ఇతర వనరులు చాలా ఉన్నాయని వాదించారు. డీఎంఎస్ విత్తనాలవుతుందన్నది నిజమే. గొడుగు సంగతి మాత్రం తేలలేదు.

ఇక్కడ మా మనవరాలు నన్ను ఒక మాట అడిగింది. “సముద్రంలోంచి గ్యాసు వస్తుందంటే అంటుకోదా తాతయ్యా?” కోనసీమ పిల్ల అడగవలసిన ప్రశ్నే. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర బావి తవ్వుతుండగా నేలలోని గ్యాసు ఎగదన్ని అంటుకున్నది. ఆ మంట 65 రోజులు ఆరలేదు. ఆ రాత్రుళ్ళు చూసినవాళ్ళకు గ్యాసు అనే మాట వింటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. సముద్రం వదిలేది అలాంటి ధారగా రాదు. వేల మైళ్ళ మేర, గాలి కణాలు వంద కోట్లు ఉంటే వాటిలో ఒకటి ఉంటుందో ఉండదో, అంతే. మన ముక్కు దాన్ని పసికట్టడమే వింత.

మన ముక్కు కంటే గట్టి ముక్కులు ఉన్నాయి. దక్షిణ సముద్రాల మీద తిరిగే కొన్ని పక్షులు ఈ డీఎంఎస్ వాసన వచ్చిన వైపుకు పోతాయని గాబ్రియెల్ నెవిట్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞురాలు, ఆమె తోటివారు 1995లో ప్రకటించారు. ఎందుకంటే సన్న ప్రాణులు సముద్రపు మొక్కలను మేస్తున్నచోట ఆ వాసన లేస్తుంది. ఆ ప్రాణులే పక్షులకు ఆహారం. వాసన ఉన్నచోట తిండి ఉన్నది. మా పల్లిపాలెం కుర్రవాడి తండ్రి వల దింపినదీ ఈ గురుతు పట్టుకునే.

ఇక ఓజోను. సముద్రపు వాసన ఓజోనుది కాకపోతే పోయె. సముద్రం మీద ఓజోను సంగతి ఏమిటని చూసేసరికి, నా నోట్సు పూర్తిగా తలకిందులయింది. సముద్రం ఓజోనును తయారుచేయడం మాట అలా ఉంచి, అది ఓజోనును తినేస్తుంది!

ఓజోను ఆకాశంలో చాలా ఎత్తున ఉంటే మనకు మేలు. ఎండలోని చెడ్డ కిరణాలను అది ఆపుతుంది. అదే మనం పీల్చే గాలిలో ఉంటే కీడు. మోటార్ల పొగ, ఫ్యాక్టరీల పొగ మీద ఎండ పడి ఓజోను పుడుతుంది. అది ఊపిరితిత్తులను మండిస్తుంది, వరి పంటను కూడా తగ్గిస్తుంది. గాలిలో కొట్టుకుపోయి సముద్రం చేరిన ఓజోను నీళ్ళను తాకినప్పుడు ఒక చిత్రం జరుగుతుంది. సముద్రపు నీళ్ళలో అయొడిన్ లవణాలు ఉంటాయి. అయొడిన్ అంటే పూర్వం దెబ్బలకు పూసే టింక్చరులో ఉండేది, ఇప్పుడు మన వంట ఉప్పులో కలుపుతున్నది. ఓజోను తగలగానే అందులో కొంత ఆవిరై గాలిలోకి లేస్తుంది. ఎండకు విడివడి, ఆ గాలిలో ఉన్న ఓజోను మీదనే పడుతుంది. ఓజోనులో మూడు ఆమ్లజని పరమాణువులు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని లాక్కుని, మిగిలిన రెంటినీ మామూలు ఆమ్లజనిగా వదిలేస్తుంది. తరవాత మళ్ళీ మరొక ఓజోను మీదికి పోతుంది. నీళ్ళ పైన అయొడిన్ ఇలా లేస్తుందని, బ్రిటనులోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన లూసీ కార్పెంటర్, ఆమె తోటి పరిశోధకులు 2013లో చూపించారు.

అంటే మనం ఎంత ఓజోను పంపితే, సముద్రం అంత అయొడిన్ పంపుతుందన్నమాట. దీనికి సాక్ష్యం మంచులో దొరికింది. గ్రీన్లాండులో ఏటేటా పడిన మంచు పొరలు పొరలుగా గడ్డకట్టి ఉంటుంది. దాన్ని తొలిచి తీసి చూస్తే, 1950కీ 2010కీ మధ్య అయొడిన్ మూడింతలు అయినట్టు తేలింది. 2018లో ఈ ఫలితం ప్రకటించారు.

మా గోదావరి మొగ సంగతి కూడా ఒక్క ముక్క చెబుతాను. వరదల్లో ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు మట్టితో పాటు ఆకు, అలము, చెత్త కొట్టుకువస్తాయి. సూక్ష్మజీవులు వాటిని కుళ్ళబెట్టి బొగ్గుపులుసు గాలి, అంటే కార్బన్ డయాక్సైడు, వదులుతాయి. అది నీళ్ళలోంచి పైగాలిలోకి పోతుంది. గోదావరి సముద్రంలో కలిసేచోట వరదకాలంలో ఇది చాలా ఎక్కువగా ఉంటున్నదని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ తాలూకు విశాఖపట్నం కేంద్రం శాస్త్రజ్ఞులు 2011లో ప్రకటించారు. అంతర్వేది దగ్గర అన్నాచెల్లెళ్ళ గట్టు మీద నిలబడితే ఒక పక్క నది, ఒక పక్క సముద్రం కనిపిస్తాయి. ఆ రెండూ ఊపిరి వదులుతూనే ఉంటాయని ఇన్నేళ్ళూ అక్కడ నిలబడి నేను ఎరగను.

ఇదంతా చదివాక ఊరికే కూర్చోబుద్ధి కాలేదు. మొన్న మే నెలలో మనవరాలిని వెంటపెట్టుకుని పల్లిపాలెం వెళ్ళాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరపడవల వేట ఆపేస్తారు. అందుచేత పడవలన్నీ రేవులోనే ఉన్నాయి. ఇద్దరు ముగ్గురిని అడిగితే ఇల్లు చూపించారు. నా విద్యార్థి అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. జుట్టు నెరిసిపోయింది. నన్ను చూసి లేచి, వల పక్కన పెట్టి, “ఆయ్, మేష్టారండీ! రండి, కూర్చోండి,” అంటూ కుర్చీ వేశాడు.

నేను సున్న సంగతి చెప్పాను. లవ్‌లాక్ సంగతి, పక్షుల సంగతి చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. అతడు అంతా విని, “ఆ సున్న నాకు గుర్తే నండి. ఇంటికి తీసుకెళితే మా నాన్న, మేష్టారు సముద్రం మీదికి ఎప్పుడూ రాలేదు గదా, ఆయనకెలా తెలుస్తాది అన్నాడండి,” అన్నాడు.

“ఆ రెండు మార్కులూ నీకు బాకీ ఉన్నాను,” అన్నాను.

“ఇప్పుడు నాకెందుకండీ మార్కులు! మా మనవడు లెక్కల్లో సరిగ్గా రెండు తక్కువై తప్పాడండి. వాడికి వేయించండి,” అని పగలబడి నవ్వాడు.

మా మనవరాలు మాత్రం నీళ్ళ వైపే చూస్తున్నది. “తాతగారూ, ఇవాళ నీళ్ళు పచ్చగా ఉన్నాయా?” అని అడిగింది.

అతడు తల ఎత్తి, ముక్కుపుటాలు ఎగరేసి గాలి పీల్చాడు. “ఇవాళ లేదు తల్లీ. గాలి తిరగనీ, అప్పుడు రా,” అన్నాడు.